బొమ్మతో పాటు ఒక చీటీ కావాలి

పంచె మీద పసుపు మరక పడితే సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోదు, పైగా ఎర్రబడుతుంది. అదే పంచెను మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేస్తే ఒకటి రెండు రోజుల్లో మరక ఆనవాలు లేకుండా పోతుంది. తెలుగిళ్లలో ఈ సంగతి ఎవరూ ఎవరికీ ప్రత్యేకించి నేర్పరు. శుక్రవారం గడపకు రాసిన పసుపు వారం తిరిగేసరికి అడుగుల రాపిడికి కొంత, ఎండకు కొంత వెలిసిపోతుంది, మళ్లీ రాస్తారు. పసుపుకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుతురుకు ఆగదు. కాంతి తగిలేకొద్దీ దాని అణువులు విరిగి, రంగు లేని పదార్థాలుగా మారిపోతాయి.

ఇంత బాగా తెలిసిన విషయాన్ని చెక్కబొమ్మ దగ్గరికి వచ్చేసరికి మరచిపోతాం. ముచ్చటపడి కొన్న బొమ్మను కిటికీ గట్టు మీద పెడతాం. రెండు వేసవులు గడిచాక దాని మీది పసుపు పాలిపోతే “నాసిరకం” అని తేల్చేస్తాం. ఆ మాట అటు తిరిగి ఇటు తిరిగి చేసినవాడి చెవిన పడుతుంది. అతని పనిలో లోపం లేదు. కొన్నవాళ్లకు చెప్పాల్సిన ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

నర్సీపట్నం నుంచి కోటవురట్ల మీదుగా అడ్డరోడ్డు వైపు దిగి వచ్చేవారికి ఏటికొప్పాక పేరు కొత్తగా చెప్పనక్కర్లేదు. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు లక్కబొమ్మలకు పుట్టిల్లు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2020 ఆగస్టులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో వాటి గురించి మాట్లాడారు. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలతోనే నడిచి, రాష్ట్రాల శకటాల్లో మూడో స్థానం తెచ్చుకుంది. గౌరవాలకు లోటు లేదు. లోటల్లా, బొమ్మ చేతిలో పడ్డాక దాని కర్ర ఏమిటో, రంగు దేనితో తీశారో, ఎండ తగిలితే ఏమవుతుందో చెప్పే నాలుగు వాక్యాలు లేకపోవడం.

ముందు కర్ర సంగతి చూడాలి. ఏటికొప్పాకలో వాడేది అంకుడు కర్ర. తెల్లగా, దంతపు ఛాయతో, సన్నని పోగుతో ఉంటుంది. తరిణి మీద తిరుగుతుంటే ఉలికి చక్కగా లొంగుతుంది. తెల్లని కర్ర కావడం వల్లే దాని మీద వేసిన ఏ రంగైనా మసకబారకుండా తేటగా కనిపిస్తుంది. లక్కను వేడిచేసి, రంగు కలిపి, సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి కర్రలుగా చుట్టి ఉంచుకుంటారు. తిరుగుతున్న చెక్కకు ఆ లక్క కర్రను ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో ఒత్తిపట్టి మెరుగు దిద్దుతారు. లక్కపిడతలైనా, కుంకుమ భరిణె అయినా, బొంగరమైనా దారి ఇదే. అంకుడు చెట్టు ఆకుల నుంచి కూడా ఒకప్పుడు నీలిరంగు తీసేవారు. ఇది రంగుల పనివారికి ఎంతో అక్కరకొచ్చిన చెట్టు. ఇప్పుడు ఆ కర్రకే కరువు వచ్చింది. రంగు పోయిందని ఒక బొమ్మను పారేయడమంటే దొరక్క దొరికిన కర్రను పారేయడమే.

ఏ కర్రలోనైనా సెల్యులోజ్ పోగులు ఉంటాయి, వాటిని కలిపి పట్టుకునే లిగ్నిన్ ఉంటుంది. ఇటుకల మధ్య సున్నంలా ఆ లిగ్నిన్ పనిచేస్తుంది. కర్ర బరువులో అది ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉండొచ్చు. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా పీల్చుకునేది ఇదే. ఆ దెబ్బకు లిగ్నిన్ అణువులు విరిగి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, పసుపు, గోధుమ ఛాయలున్న కొత్త పదార్థాలు పుడతాయి. అందుకే తెల్లకర్ర ఎండకు పచ్చబడుతుంది. ఇంట్లో చెక్క బీరువాకు ఆనించిన క్యాలెండర్‌నో ఫొటో పటాన్నో ఏళ్ల తర్వాత తీస్తే దాని కొలతకు సరిగ్గా వేరే రంగు చదరం కనిపించేది ఇందుకే.

ఈ మార్పు లోతు చాలా తక్కువ. అతినీలలోహిత కిరణాలు చెక్కలోకి చొచ్చుకుపోయేది సుమారు 75 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదమూడో వంతు. కంటికి కనిపించే వెలుతురు 200 మైక్రాన్ల దాకా పోతుంది. పాత తలుపును వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు ఒక పొర లేవగానే లోపల నిన్ననే కోసినట్టున్న రంగు బయటపడుతుంది. ఎండ పడిన కర్ర పాడైపోయిందనుకుని ఇల్లు కూల్చేవారు మంచి టేకు ద్వారబంధాలను కట్టెల ధరకు అమ్ముకోవడం పల్లెల్లో చూస్తూనే ఉన్నాం. ఒక్క చిత్రిక పొరకు తేలే సంగతిని తెలియక వదులుకోవడం బాధ కలిగిస్తుంది.

కర్ర నేరుగా ఎండకూ వానకూ దొరికితే కథ మరో మలుపు తిరుగుతుంది. విరిగిన లిగ్నిన్ ముక్కలు నీటిలో కరుగుతాయి. వాన వాటిని కడిగేస్తుంది. మిగిలిన సెల్యులోజ్ పోగులు వెండి ఛాయలో బూడిదరంగుగా కనిపిస్తాయి. వాటి మీద బూజు చేరి ఆ బూడిదను ఇంకా ముదురు చేస్తుంది. చెరకు బండి పలకలు, నాగలి, కళ్లం దగ్గర పాతిన గుంజ, చేపల రేవులో బోర్లించిన పడవ అన్నీ చివరికి ఒకే రంగుకు చేరేది ఈ దారినే. వేప, తుమ్మ, మద్ది ఏదైనా అంతే.

నీడపట్టున మాత్రం ఒక్కో కర్రది ఒక్కో తీరు. కోత మిషన్ నుంచి అప్పుడే వచ్చిన టేకు పలకలో ఆకుపచ్చ ఛాయలు, నల్లని చారలు కనిపిస్తాయి. తెలియనివారు చూస్తే కల్తీ అనుకుంటారు. కొన్నాళ్లు వెలుతురు తగిలితే ఆ చారలు కలిసిపోయి బంగారు గోధుమరంగు తేలుతుంది. బొబ్బిలి వీణ చెక్కే పనస కర్ర కోసినప్పుడు పచ్చగా ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఎరుపు కలిసిన గోధుమరంగులోకి దిగుతుంది. వీణకు వయసు పెరిగేకొద్దీ అందం పెరుగుతుందని పాతవాళ్లు అనడంలో కొంత భాగం ఈ రంగుదే. రక్తచందనం చేవ కోసిన కొత్తలో కణకణలాడే ఎరుపు; పోనుపోను ఊదా కలిసిన నలుపు వైపు ముదురుతుంది. అమెరికా వడ్రంగులు చెర్రీ కర్రను కావాలనే కాసేపు ఎండలో పెట్టి రంగు ముదిరేలా చేస్తారు. అక్కడివాళ్లే వాల్‌నట్ కర్రను ఎండకు దూరంగా ఉంచుతారు, ఎందుకంటే అది ముదరకపోగా వెలిసిపోతుంది. ఎండ కర్రను నల్లబరుస్తుందనీ, కాదు తెల్లబరుస్తుందనీ వాదించుకునేవాళ్లు ఇద్దరూ తాము చూసిన కర్రను బట్టి నిజమే చెబుతున్నారు.

ఇప్పుడు లక్కలో కలిసిన రంగు దగ్గరికి రావాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు, కరక్కాయ వంటివాటి నుంచి తీసే రంగులన్నిటినీ కలిపి ‘సహజ రంగులు’ అని ఒకే మాటతో పిలుస్తున్నాం. వెలుతురు ముందు అవన్నీ ఒకటి కావు. పసుపుది అన్నిటికన్నా తక్కువ ఆయుష్షు. జాఫ్రా నారింజ కూడా త్వరగానే పాలిపోతుంది. నీలిమందు, మంజిష్ఠ జాతి వేర్ల ఎరుపు గట్టివి. మొహెంజొదారో తవ్వకాల్లో దొరికిన నూలు పేలిక మీద మంజిష్ఠ రంగు ఆనవాళ్లు నాలుగు వేల ఏళ్లు దాటాక కూడా దొరికాయి. నీలినీ పసుపునూ కలిపి ఆకుపచ్చ తీస్తే ముందుగా పసుపు వెళ్లిపోతుంది, నీలం మిగులుతుంది. ఇందుకు మన తీరమే సాక్ష్యం పలుకుతోంది. 17, 18 శతాబ్దాల్లో కోరమాండల్ తీరం నుంచి యూరప్‌కు ఓడలెక్కిన అద్దకం వస్త్రాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో చాలా వస్త్రాల మీద పూలు ఎర్రగానే ఉన్నాయి కానీ ఆకులు మాత్రం నీలంగా కనిపిస్తాయి. అద్దకందారు వేసింది ఆకుపచ్చే. నీలి మీద పూసిన పసుపును మూడు వందల ఏళ్ల వెలుతురు తినేసింది.

అయితే సహజ రంగులు మానేసి రసాయన రంగులకే పోవచ్చు కదా అనే మాట వెంటనే వస్తుంది. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయకుండా జవాబు చెప్పాలి. మొదటిది, రసాయన రంగైనంత మాత్రాన నిలుస్తుందన్న హామీ లేదు. 1888లో చిత్రకారుడు వాన్‌గో తన పడకగది బొమ్మలో గోడలకు ఊదారంగు వేశాడు. అందులో ఎరుపు వెలిసిపోయి ఇవాళ ఆ గోడలు నీలంగా కనిపిస్తున్నాయి. ఆయన ఆ రోజుల్లో ఇష్టపడి వాడిన ఎరుపుల్లో అప్పుడే ప్రయోగశాల నుంచి బయటికొచ్చిన కృత్రిమ రంగులు ఉన్నాయి. రంగు చెట్టు నుంచి వచ్చిందా, సీసా నుంచి వచ్చిందా అన్నది వెలుతురుకు అక్కర్లేదు. ఆ అణువు నిర్మాణం ఎలా ఉందన్నదే దానికి లెక్క. రెండోది మరీ ముఖ్యం. సీసం కలిసిన క్రోమ్ పసుపు మన వంటింటి పసుపుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ లక్కపిడత పిల్లల నోట్లోకి పోతుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇళ్లకు వేసే పెయింట్లలోనే సీసం పది లక్షల్లో 90 పాళ్లు దాటకూడదని 2017 నవంబరు నుంచి మన దేశంలో నిబంధన అమల్లో ఉంది. పిల్లవాడు చప్పరించే బొమ్మ మీద రంగు వెలిసిపోవడం నష్టమే కాదు. వెలిసిపోని విషం కన్నా వెలిసిపోయే పసుపు వెయ్యి రెట్లు మేలు.

కాబట్టి చేయాల్సింది రంగు మార్చడం కాదు, వెలుతురు సంగతి కొనేవారికి విప్పి చెప్పడం. అది ఎంత అవసరమో లెక్క వేస్తే తెలుస్తుంది. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. త్వరగా వెలిసే వస్త్రాల మీద, నీటిరంగుల బొమ్మల మీద 50 లక్స్‌కు మించి పడనీయకూడదని మ్యూజియంలు పాటించే పద్ధతి. మిట్టమధ్యాహ్నపు ఎండ ఒక లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఎండలో ఒక్క గంట ఉన్న బొమ్మ మీద పడిన వెలుతురు, మ్యూజియం దీపాల కింద రెండు వేల గంటలకు సమానం. రోజుకు ఎనిమిది గంటలు తెరిచే మ్యూజియం అయితే అది 250 రోజుల లెక్క. ఎండలో అతినీలలోహితం అదనం.

మన పెద్దల బొమ్మల కొలువు ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది. సంక్రాంతికో దసరాకో బొమ్మలను దించుతారు, మెట్లమీద పేర్చి పేరంటం చేస్తారు. పండగ వెళ్లగానే పాత చీర ముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టి అటకెక్కిస్తారు. గదిలో 200 లక్స్ వెలుతురులో, రోజుకు పది గంటల చొప్పున నాలుగు రోజులు కొలువు తీరిందనుకుందాం. ఆ నాలుగు రోజుల్లో బొమ్మ మీద పడిన వెలుతురంతా కలిపితే నేరుగా ఎండలో ఐదు నిమిషాల పాటు పడినదానికి సమానం. అమ్మమ్మల నాటి బొమ్మలు ఇప్పటికీ రంగుతో ఉన్నాయంటే అప్పటి రంగుల గొప్పతనంతో పాటు ఆ ట్రంకుపెట్టె చీకటి కూడా కారణం. ఇప్పటి ఇళ్లలో బొమ్మలు ఏడాది పొడుగునా హాల్లో నిలబడుతున్నాయి. అది తప్పు కాదు, కళ్లెదుట ఉండాలనే కదా కొనుక్కునేది. కానీ హాల్లో ఏ గోడకు పెట్టాలో చెప్పేవారు ఉండాలి.

కిటికీ అద్దం కాపాడుతుందన్న భ్రమ ఒకటి ఉంది. మామూలు అద్దం అతినీలలోహితంలో తీవ్రమైన భాగాన్ని ఆపుతుంది, మిగతా భాగాన్నీ, కంటికి కనిపించే వెలుతురునూ లోపలికి వదిలేస్తుంది. రంగు వెలవడానికి అది చాలు. దుకాణం ముందు అద్దాల అరలో ఎండకు ఎదురుగా పేర్చిన బొమ్మలు అమ్ముడుపోకముందే సగం ఆయుష్షు ఖర్చు చేసుకుంటాయి. వాటిని కొన్నవాడు ఇంటికి తెచ్చుకుని ఎంత జాగ్రత్తపడినా ఫలితం తక్కువే. పైన వార్నిష్ వేస్తే సరిపోతుందనుకోవడమూ అంతే; పారదర్శకమైన పూతలోంచి కిరణాలు దూరి కింది చెక్కనే దెబ్బకొడతాయి, ఆ తర్వాత పూత పెచ్చులుగా లేస్తుంది. ఇంటి ముంగిట తలుపులకు ఏటేటా వార్నిష్ కొట్టించేవారికి ఈ అనుభవం తెలుసు. ఇనుప ధాతువు కలిసిన ఎర్రమట్టి రంగులు మాత్రం కిరణాలను తామే పీల్చుకుని కర్రను కాపాడతాయి, వెలిసిపోవు కూడా.

మరో మాట కారు నడిపేవారికి. డ్యాష్‌బోర్డు మీద లక్కపూత దేవుడి బొమ్మ పెట్టుకోవడం చాలామందికి అలవాటు. మూసిన కారు వైశాఖపు ఎండలో నిలబడితే డ్యాష్‌బోర్డు వేడి 70 డిగ్రీలు దాటుతుంది. లక్క మెత్తబడేది అటూఇటూగా ఆ వేడికే. అక్కడ బొమ్మకు రంగు పోవడమే కాదు, పూతే జిగురుగా మారి చేతికి అంటుతుంది.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే ఈ పని కష్టమైంది కాదు. 2021 జనవరి నుంచి దేశంలో అమ్మే బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర తప్పనిసరి చేశారు. భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ, నమోదైన చేతివృత్తులవారికీ మినహాయింపు ఇచ్చారు. ఆ మినహాయింపు న్యాయమైనది. ఇంటి అరుగు మీద తరిణి పెట్టుకున్నవాడు పెద్ద ఫ్యాక్టరీతో సమానంగా పరీక్షల ఫీజులు కట్టలేడు. కానీ ముద్ర లేనప్పుడు కొనేవారికి సమాచారం మరింత కావాలి. రంగు వెలుతురుకు ఎంత ఆగుతుందో కొలవడానికి చాలా దేశాల్లో వాడే పద్ధతి ఒకటి ఉంది. నీలిరంగు అద్దిన ఎనిమిది ఉన్ని ముక్కల పక్కన నమూనాను వెలుతురులో పెట్టి, ఏ ముక్కతో పాటు అది వెలిసిందో చూసి 1 నుంచి 8 వరకు మార్కు వేస్తారు. బట్టల మిల్లులకు ఇది రోజువారీ పని. లక్కలో కలిపే పది పన్నెండు రంగులకు ఒక్కసారి ఈ పరీక్ష చేయిస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది. కర్ర మీద వెలుతురు ప్రభావం గురించి బెంగళూరులోని వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ సంస్థ శాస్త్రవేత్తలు ఏళ్లుగా అధ్యయనం చేస్తున్నారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. పరీక్ష ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి, ఫలితాలు పనివారి చేతికి తెలుగులో అందాలి. ఏ రంగు ఎక్కువ కాలం ఆగుతుందో తెలిస్తే, కిటికీ దగ్గర వేలాడే గాలిగంటలకు నీలి, ఎరుపు వాడి, పెట్టెలో దాచుకునే భరిణెకు పసుపు వాడే తెలివి వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పనివాడి చేతికి సమాచారం ఇస్తే చాలు, మిగతాది అతనే చూసుకుంటాడు.

చీటీ కూడా చిన్నదే. కర్ర అంకుడు. రంగులు వీటి నుంచి తీశాం. నేరుగా ఎండ పడేచోట, కారులో పెట్టవద్దు. తడిగుడ్డతో కాక పొడిగుడ్డతో తుడవండి. కాలంతో రంగు కొంత లేతబడుతుంది, అది కల్తీ కాదు. చేసిన ఊరు ఏటికొప్పాక. ఈ ఆరు ముక్కలు తెలుగులో, ఇంగ్లిష్‌లో అచ్చువేయడానికి ఒక్కో బొమ్మకు అయ్యే ఖర్చు పైసల్లో ఉంటుంది. లేపాక్షి విక్రయశాలలు ముందు ఈ పని మొదలుపెట్టాలి, ఎండ తగిలే అద్దాల అరల్లోంచి బొమ్మలను లోపలి గోడకు జరపాలి. కొనేవారు కూడా దుకాణంలో ధర అడిగే ముందు ఈ రంగు దేనితో తీశారని అడగాలి. ఇంటికి తెచ్చాక కిటికీ గట్టు వదిలి, ఎండ పొడ తగలని గోడకు బొమ్మను పెట్టుకోవాలి.